రంగురాళ్లు తీసేసి ఇసుక పోద్దామా?

మీ ఇంట్లో అక్వేరియం ఉంటే ఈ వారం మీకో చిన్న పని. మేత వేశాక తొట్టి ముందు ఓ పది నిమిషాలు కూర్చోండి. పైన తిరిగే గప్పీల్ని, మధ్యలో మెరిసే టెట్రాల్ని కాసేపు వదిలేయండి. అడుగున తిరిగే చేపని మాత్రమే చూడండి. మేత పలుకు రాళ్ల సందులోకి జారిపోయాక అది ఏం చేస్తోంది? మూతితో పొడుస్తుంది. దొరకదు. పక్కకి జరిగి మళ్లీ పొడుస్తుంది. మళ్లీ దొరకదు. కాసేపటికి ఓ మూలకి వెళ్లి కదలకుండా కూర్చుంటుంది. ‘మా కోరీ చాలా బుద్ధిమంతురాలండీ, అస్సలు అల్లరి చెయ్యదు’ అని మనం మురిసిపోతాం.

పాపం, అల్లరి చెయ్యడానికి దానికి చోటేదీ?

తొట్టి కొనేటప్పుడు అడుగున ఏం వెయ్యాలన్న ఆలోచనే మనకి రాదు. షాపతను నీలం, గులాబీ రంగురాళ్ల ప్యాకెట్లు రెండు చేతిలో పెడతాడు. తెచ్చి పోసేస్తాం. మన కంటికి బాగానే ఉంటుంది. కానీ అడుగున బతికే చేపకి అదే కంచం, అదే మంచం. ఇవాళ ఆ కంచమూ మంచమూ మార్చే సంగతి మాట్లాడుకుందాం. ఎందుకు మార్చాలి, ఏ ఇసుక తేవాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఆ హడావిడిలో చేపల్ని చంపుకోకుండా ఎలా మార్చాలి. ఈ మూడోది సరిగ్గా తెలియకపోతే మొదటి రెండూ తెలిసి లాభం లేదు.

చేటతో చెరిగినట్టు

ముందు మన కోరీ గురించి. పూర్తి పేరు కోరీడోరాస్. దక్షిణ అమెరికా వాగుల్లో, ఏరుల్లో తిరిగే బుల్లి మీసాల చేప. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ ఈ పేరు పెట్టాడు. గ్రీకులో శిరస్త్రాణం, చర్మం అనే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరు. ఒంటిమీద పొలుసులకి బదులు రెండు వరసల ఎముక పలకలు ఉంటాయి మరి. మన షాపుల్లో కనిపించే మచ్చల పెప్పర్డ్ కోరీకి ఇంకో ఘనత కూడా ఉంది. చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడలో వెళ్లినప్పుడు సేకరించిన చేపల్లో అదీ ఒకటి. 1842లో లెనర్డ్ జెనిన్స్ దాన్ని వర్ణించి పేరు పెట్టాడు. 2024లో శాస్త్రవేత్తలు ఈ గుంపుని విడగొట్టారు కాబట్టి పుస్తకాల్లో చాలా కోరీల పేర్లు మారిపోయాయి. షాపులో మాత్రం ఇప్పటికీ అన్నీ కోరీలే.

పేరు ఏదైనా తినే పద్ధతి ఒకటే. మూతిని కళ్లదాకా ఇసుకలోకి దించుతుంది. మీసాలతో తడుముతుంది. ఆ మీసాలు ఉత్త అలంకారం కాదు, వాటికి రుచి తెలుస్తుంది. ఏదో ఉందనిపిస్తే నోటినిండా ఇసుక తీసుకుంటుంది. పురుగో, మేత ముక్కో నోట్లో ఉంచుకుని ఇసుకని మొప్పల్లోంచి బయటికి వదిలేస్తుంది. అమ్మమ్మ చేటతో చెరిగితే పొట్టు ఎగిరిపోయి బియ్యం మిగులుతాయి చూడండి, అలాగన్నమాట. మెలకువగా ఉన్నంతసేపూ దానికి ఇదే పని, ఇదే ఆట.

అలాంటి చేప కింద శనగగింజంత రాళ్లు పోశాం. నోట్లో పట్టవు, మొప్పల్లోంచి పోవు. చేట చేతికిచ్చి, చెరగడానికి కంకర పోసినట్టయింది.

రాళ్లు దాచేది తిండి ఒక్కటే కాదు

రాళ్ల మధ్య సందులు ఉంటాయి. మేత అందులోకి జారుతుంది. చేపల మలం, రాలిన ఆకు ముక్కలు కూడా అందులోకే పోతాయి. మేత చేపకి అందదు, మురికి మన కంటికి కనపడదు. పైన నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున మాత్రం నెలల తరబడి మగ్గుతూ ఉంటుంది. నమ్మకం లేకపోతే సైఫన్ పైపు రాళ్లలోకి గుచ్చి చూడండి. బకెట్లోకి వచ్చే నీళ్లు టీ రంగులో ఉంటాయి.

కోరీల మీసాలు కురచైపోవడం వెనక ఉన్న కథ ఇదే. ‘రాళ్ల అంచులు కోసేస్తాయి’ అని చాలామంది చెప్తారు. పదును రాళ్లకి మీసాలు గీరుకోవడం నిజమే. కానీ అంతకంటే పెద్ద ముద్దాయి రాళ్ల మధ్య పేరుకున్న మురికి. అందులో పెరిగే బ్యాక్టీరియా గీరుకున్న చోట పట్టుకుంటుంది. మీసం చివర తెల్లబడుతుంది, తర్వాత అరుగుతుంది. పూర్తిగా మొదలంటా పోకపోతే నేల శుభ్రపడ్డాక మళ్లీ పెరిగే అవకాశం ఉంది. మొదలంటా పోతే కష్టం. తిండి వెతికే సాధనమే పోయినట్టు.

అందుకని ఒక మాట ఇప్పుడే చెప్పేస్తున్నా. ఇసుక పోసేసి శుభ్రం చెయ్యడం మానేస్తే ఆ మీసాలు ఇసుకలో కూడా పోతాయి. ఇసుక మందు కాదు. మురికిని దాచదు, అంతే. ‘ఇసుక వేశాక తొట్టి ఎప్పుడూ మురికిగానే కనిపిస్తోంది’ అని కొంతమంది విసుక్కుంటారు. ఆ మురికి ఇంతకుముందూ ఉంది. కనపడకుండా ఉంది.

ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

అందరూ మార్చాల్సిన పని లేదు. గప్పీలు, మోలీలు, టెట్రాలు మాత్రమే ఉంటే అడుగున ఏముందో వాటికి పట్టదు. రంగురాళ్లే నచ్చితే ఉంచుకోండి, వారం వారం శుభ్రం చేసుకోండి.

కోరీలు ఉంటే మార్చడం మంచిది. కూలీ లోచ్‌లు ఉంటే ఇంకా మంచిది. పసుపు, నలుపు పట్టీలతో చిన్న పాములా ఉండే ఈ చేపలు పగలంతా ఇసుకలో దూరి పడుకుంటాయి. రాళ్లలో దూరబోతే ఒళ్లు గీరుకుంటుంది. గోల్డ్‌ఫిష్ కూడా నేల తవ్వే రకమే. రాయి నోట్లో ఇరుక్కుని నోరు మూయలేక అవస్థపడే గోల్డ్‌ఫిష్‌లు ఉంటాయి. ఇసుకలో ఆ బెడద లేదు.

ఈ ఇసుక అలవాటు విదేశీ చేపలదే అనుకోకండి. పులుసుకి పేరుపడ్డ మన బొమ్మిడాయి పగటిపూట ఇసుకలో దూరి మూతి ఒక్కటే బయట పెట్టుకుని పడుకుంటుంది. ఇక ఇసుకదొందు సంగతి చెప్పేదేముంది, పేరులోనే ఇసుక పెట్టుకుంది. మన ఏటి ఒడ్డున పుట్టిన చేపకైనా, అమెజాన్ వైపు నుంచి వచ్చిన చేపకైనా అడుగున బతికేదానికి కావలసింది మెత్తటి నేల.

ఇంకో అపోహ. కోరీని, సక్కర్‌ని షాపుల్లో ‘క్లీనర్’ పేరుతో అమ్ముతుంటారు. కోరీ మలం తినదు, మురికి తినదు. పై చేపలు వదిలేసినవాటితో దాని కడుపు నిండదు. అడుక్కి మునిగే మేత బిళ్లలు దానికి విడిగా వెయ్యాలి, లైట్లు ఆర్పాక వేస్తే మరీ మంచిది. ఆరు కోరీలైనా కలిసి ఉంటేనే ధైర్యంగా తిరుగుతాయి. సక్కర్ సంగతి వేరు. రెండు అంగుళాలప్పుడు కొంటాం, అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేక కాలవలో వదిలితే అక్కడి చేపల నోటిదగ్గర కూడు లాక్కుంటుంది. మన కాలవల్లో, చెరువుల్లో జాలర్లు తిట్టుకునే దెయ్యం చేప అదే. దయచేసి వదలకండి.

ఏ ఇసుక?

ఇక్కడే చాలామంది తడబడతారు. ఇసుకంటే ఇసుకే కదా అనుకుంటారు.

వీధి చివర కట్టే అపార్ట్‌మెంట్ ముందున్న గుట్టలోంచి ఓ బకెట్ తెచ్చేద్దాం అనుకుంటే ఆగండి. అది ఈ రోజుల్లో చాలావరకు రోబో శాండ్. అంటే రాయిని మిషన్లో పగలగొట్టి చేసింది. పలుకు పలుకుకీ పదునైన అంచు ఉంటుంది. మీసాల కోసం రాళ్లు తీసేసి దీన్ని పోస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. పైగా ఆ గుట్టలో సిమెంటు కలిసి ఉండొచ్చు. సిమెంటు నీళ్ల పీహెచ్‌ని అమాంతం పెంచేస్తుంది.

సముద్రపు ఇసుక వద్దు. ఉప్పు ఒక సమస్య. గవ్వల పొడి అంతకంటే పెద్ద సమస్య. అది కరుగుతూ నీళ్లని ఇంకా గట్టిపరుస్తుంది. అసలే చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి.

ఏటి ఇసుక పలుకు గుండ్రంగా ఉంటుంది, పనికొస్తుంది. కానీ జల్లించాలి, బాగా కడగాలి, గవ్వ ముక్కలు ఏరాలి. అన్నిటికంటే తేలికైన దారి, ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక. వాటర్ ప్లాంట్ల సామాన్లు, బోరు నీళ్ల ఫిల్టర్లు అమ్మే షాపుల్లో అడగండి. గూడూరు ప్రాంతం ఈ సిలికా ఇసుకకి పేరుపడ్డ చోటు. అక్వేరియం షాపుల్లో కూడా ప్యాకెట్లలో దొరుకుతుంది, కాకపోతే కిలో లెక్కన చూస్తే ఖరీదు ఎక్కువ పడుతుంది.

పలుకు ఎంత ఉండాలి? ఉప్మా రవ్వంత. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. ముగ్గుపిండిలా మరీ మెత్తగా ఉంటే వద్దు, అది గట్టిపడి అట్టకడుతుంది, కాస్త కదిలిస్తే చాలు నీళ్లన్నీ మబ్బుగా అవుతాయి. వేళ్ల మధ్య నలిపి చూడండి. గుచ్చుకుంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక ఓ చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోయండి. బుస్సుమని నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు. అది కూడా వద్దు.

ఎంత కావాలి? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టికి ఒక అంగుళం పైచిలుకు మందం చాలు. అంటే తొమ్మిది, పది కిలోలు. ఎక్కువ పోస్తే మేలు అనుకోకండి. మూడు నాలుగు అంగుళాల ఇసుక అడుక్కి గాలి అందదు. అక్కడ కుళ్లు పుట్టి, కోడిగుడ్డు మురిగిన వాసన వచ్చే వాయువు తయారవుతుంది. అది చేపలకి విషం.

ఆదివారం మొదలై గురువారం ముగిసే కథ

ఇప్పుడు అసలు విషయం. సాధారణంగా జరిగే కథ ఇలా ఉంటుంది. ఆదివారం సెలవు. ఉత్సాహంగా చేపల్ని బకెట్లో వేస్తారు. రాళ్లు తీసేస్తారు. ‘ఎలాగూ తీశాం కదా’ అని తొట్టి అద్దాలు తోమేస్తారు, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండేస్తారు, నీళ్లన్నీ కొత్తవి పోస్తారు. తెల్లటి ఇసుక, తళతళలాడే తొట్టి. ఫోటో తీసి స్టేటస్ పెడతారు. మంగళవారానికి చేపలు మేత ముట్టవు. బుధవారం పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. గురువారం ఒకటి వెల్లకిలా తేలుతుంది. ‘ఇసుక పడలేదండీ’ అంటారు.

తప్పు ఇసుకది కాదు. ఆ రాళ్ల మీద, స్పాంజి లోపల కంటికి కనపడని కాపురాలు ఉన్నాయి. చేప వదిలిన వ్యర్థం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కాస్త నయం, వారం వారం నీళ్లు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, దేనికో ఒకదానికి అతుక్కుని బతుకుతుంది. కొత్త తొట్టిలో అది నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రాళ్లు తీసి, స్పాంజి కూడా కుళాయి నీళ్లలో కడిగేస్తే ఆ కాపురాలన్నీ ఒక్క పూటలో కూల్చేసినట్టే. అమ్మోనియా ఆగదు. దాన్ని తినేవాళ్లు లేరు.

కాబట్టి ఒకే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. నేల మార్చే రోజు ఫిల్టర్ జోలికి పోవద్దు. ఆ తర్వాత నెల్లాళ్లు కూడా పోవద్దు.

ఇంకా ముఖ్యమైన చిక్కు ఒకటుంది. మీ ఫిల్టర్ ఏ రకమో ముందు చూసుకోండి. తక్కువ ధర తొట్లలో రాళ్ల కింద చిల్లుల ప్లాస్టిక్ పలక ఉంటుంది, మూలల్లోంచి గొట్టాలు పైకి వస్తాయి, వాటికి ఎయిర్ పంప్ తగిలిస్తారు. అండర్ గ్రావెల్ ఫిల్టర్ అంటారు. నీళ్లు రాళ్లలోంచి కిందికి దిగి గొట్టంలోంచి పైకి వస్తాయి. అంటే ఇక్కడ రాళ్లే ఫిల్టర్. రాళ్లు తీశారంటే ఫిల్టర్ మొత్తం తీసేసినట్టే. పలక అలాగే ఉంచి ఇసుక పోస్తే చిల్లులు పూడిపోతాయి.

మీది ఆ రకమైతే ఇవాళ ఇసుక కొనకండి. ముందు ఒక స్పాంజ్ ఫిల్టర్ కొనండి. పాత పలక పనిచేస్తుండగానే దాన్ని కూడా అదే తొట్టిలో పెట్టి ఆరు వారాలు నడపండి. బ్యాక్టీరియా అందులో కూడా కాపురం పెడుతుంది. అప్పుడు రాళ్లు తీయండి. ఆరు వారాలు ఓపిక పట్టడమా అనిపిస్తుంది. చేపల్ని పోగొట్టుకుని మళ్లీ మొదట్నించీ మొదలెట్టడం కంటే ఇది తక్కువే.

‘అసలు రాళ్లు తీయకుండా పైన ఇసుక పోసేస్తే?’ అని కొందరికి సందేహం. పోయొచ్చు, నాలుగు రోజులు బాగానే ఉంటుంది. మిక్చర్ డబ్బా ఊపితే సన్నకారప్పూస అడుక్కి పోయి, పల్లీలు పైకి వస్తాయి కదా? ఇక్కడా అంతే. ఇసుక కిందికి జారి, రాళ్లు పైకి తేలతాయి. పాత మురికి మధ్యలో ఉండిపోతుంది.

పని చేసే రోజు

ముందు రోజే ఇసుక కడిగి పెట్టుకోండి. రెండేసి కిలోలు బకెట్లో వేసి, బియ్యం కడిగినట్టు చేత్తో కలిపి కడుగు నీళ్లు వంపేయండి. పది సార్లు పట్టొచ్చు, పదిహేను పట్టొచ్చు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఆపకండి. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే తొట్టి మూడు రోజులు పాలడబ్బాలా ఉంటుంది. ఆ రోజు నుంచి చేపలకి మేత ఆపేయండి. ఒక రోజు తినకపోతే వాటికేం కాదు.

పనిలోకి దిగే ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. హీటర్ ఉంటే పావుగంట ముందే ఆపండి, వేడిగా ఉన్నప్పుడు నీళ్ల బయటికి వస్తే గాజు పగులుతుంది. తడి చేతులతో స్విచ్ బోర్డు ముట్టుకోవద్దని మళ్లీ చెప్పక్కర్లేదనుకుంటా.

సబ్బు ఎప్పుడూ తగలని టబ్ ఒకటి తీసుకోండి. తొట్టిలో పై నీళ్లని అందులోకి తోడండి. ఇంకో రెండు బకెట్లలో కూడా పట్టి పెట్టండి. మొత్తం మీద సగానికి పైగా పాత నీళ్లు మిగలాలి. బ్యాక్టీరియా కోసం కాదు, చేపకి అలవాటైన నీళ్లు కావాలి కాబట్టి. ఫిల్టర్‌ని టబ్‌లోకి మార్చి నడుస్తూ ఉండనివ్వండి. స్పాంజి ఎండిపోతే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

కోరీలని వలతో పట్టకండి. వాటి రెక్కల ముందున్న ముల్లు వలలో చిక్కుకుంటుంది, లాగితే విరుగుతుంది. ప్లాస్టిక్ డబ్బాతో నీళ్లతో సహా ముంచి తీయండి. టబ్ మీద మూత వెయ్యండి, గెంతే రకాలు ఉంటాయి.

ఇప్పుడు రాళ్లు. వాటిని కదిపితే లేచే మురికి చూస్తే ఇన్నాళ్లూ ఏం జరిగిందో అర్థమవుతుంది. అడుగునున్న ఆ నల్లటి నీళ్లు తిరిగి వాడొద్దు. మొక్కలకి పోయండి, అంతకంటే మంచి ఎరువు దొరకదు. రాళ్లన్నీ పారెయ్యకండి. రెండు గుప్పెళ్లు తీసి, కుళాయి నీళ్లు తగలకుండా తొట్టి నీళ్లతోనే తొలిచి, వల సంచీలో కట్టి పక్కన తడిగా ఉంచండి. కూరగాయల నెట్ సంచీ అయినా చాలు.

తడి ఇసుకని చేత్తో మెల్లగా పరవండి. మధ్యలో ఓ పళ్లెం పెట్టి, దాని మీద పడేలా నీళ్లు పోయండి. కొత్తగా కలిపే నీళ్లలో యాంటీ క్లోరిన్ చుక్కలు వెయ్యండి, చల్లదనం పాత నీళ్లతో సమానంగా ఉందో లేదో చూడండి. రాళ్ల సంచీని ఫిల్టర్ పక్కన పెట్టండి. ఓ గంటో రెండు గంటలో ఆగి, ఇసుక కూర్చున్నాక ఫిల్టర్ తిరిగి బిగించండి. మోటార్ ఫిల్టర్ అయితే దాని నోరు ఇసుకకి కనీసం రెండు అంగుళాల ఎత్తులో ఉండాలి. లేకపోతే ఇసుక పీల్చుకుని మోటార్ అరిగిపోతుంది. అప్పుడు చేపల్ని వదలండి.

మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా కాటు పెరుగుతుంది. ఎండాకాలం తప్పనిసరైతే పొద్దున్నే మొదలెట్టండి. ఆ పూట మీ ఏరియాలో కరెంటు కోత లేదని కూడా చూసుకోండి.

తర్వాత మూడు వారాలు

మొదటి రోజు చేపలు రంగు తగ్గి, ఓ మూల నక్కి ఉండటం మామూలే. లైటు వెయ్యకుండా వదిలేయండి. మేత మర్నాడు, అదీ సగమే. సగం మేతని ఓ రెండు వారాలు కొనసాగించండి.

అమ్మోనియా, నైట్రైట్ చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనండి. రంగురాళ్ల మీద పెట్టే డబ్బుకంటే దీనిమీద పెట్టింది ఎక్కువ ఉపయోగపడుతుంది. మొదటి వారం రోజూ, తర్వాత రోజు మార్చి రోజు చూడండి. రెండూ సున్నా ఉండాలి. 0.25 పీపీఎం కనిపించినా పావు వంతు నీళ్లు మార్చండి, మేత ఆపండి. కోరీ అప్పుడప్పుడూ సర్రున పైకొచ్చి ఓ గుక్క గాలి మింగి దిగడం సహజమే, అది పేగుతో కూడా గాలి పీల్చుకోగలదు. ఊరికే పైకీ కిందికీ తిరుగుతూ ఉంటే మాత్రం నీళ్లలో ఏదో తేడా ఉన్నట్టు. వెంటనే టెస్ట్ చెయ్యండి.

మూడు నాలుగు వారాలు సున్నాలే వస్తే ఆ రాళ్ల సంచీ తీసేయొచ్చు.

ఇక మీదట శుభ్రం తేలిక. సైఫన్ పైపుని ఇసుకలోకి గుచ్చొద్దు. అంగుళం పైన పట్టుకుని గుండ్రంగా తిప్పితే తేలిక మురికి లేచి పైపులోకి పోతుంది, బరువున్న ఇసుక కిందే ఉంటుంది. రెండు వారాలకోసారి చేపలు తవ్వని మూలల్ని వేలితో మెల్లగా కెలకండి. మొక్కలు ఉంటే వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చాలి, ఎందుకంటే ఉత్త ఇసుకలో పోషకాలు ఉండవు.

అన్నట్టు, పని మొదలెట్టే ముందు ఒకటి చెయ్యండి. ఫోన్ కెమెరాతో ఒక్కో కోరీ మూతి దగ్గర నుంచి ఫోటో తీసి దాచుకోండి. రెండు నెలల తర్వాత మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మీసాలు పొడుగయ్యాయంటే నేల బాగుంది. ఇంకా కురచవుతున్నాయంటే శుభ్రంలోనో నీళ్లలోనో లోటుంది, అది వెతకండి. మీ తొట్టి ఎలా ఉందో చుట్టాలెవరూ అంత కచ్చితంగా చెప్పలేరు.